మడతక్క మడిచిన టెంటు

జూన్ 8

మరదలికి,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది. ఏం రాయాలో తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

కాలికి కట్టు విప్పేదాకా మంచం దిగవద్దన్నారని నీ కొడుకు ఫోనులో చెప్పాడు. అక్కను చివరిచూపు చూడలేకపోయానని నువ్వు తిండి మానేశావని కూడా చెప్పాడు. తిండి మానకు. నువ్వు వచ్చినా చేసేదేమీ లేదు.

అంత్యక్రియలు బాగా జరిగాయి. సైన్యం నుంచి నలుగురు యూనిఫాంలో వచ్చారు. వాళ్లలో ఒకాయనకు జుట్టంతా నెరిసింది. "మడతక్క మడిచిన పారాచూట్ వేసుకుంటే ముందురోజు రాత్రి నిద్ర పట్టేది సార్" అన్నాడు. మీ అక్కను ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నాడు. కాఫీ ఇచ్చాను. కప్పు పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు.

మీ అక్క వెళ్లే ప్రార్థన మందిరం పెద్దాయన సంస్మరణ సభ పెడదామంటున్నాడు. ప్రార్థన హాలు చాలదు, వీధంతా వస్తుంది, వీధి టెంటు వేద్దామన్నాడు. ఆ టెంటు సంగతి నీకు తెలుసు కదా. పెళ్లికైనా చావుకైనా అదే. మీ అక్క రిటైరైన దగ్గర నుంచి దాన్ని ఆరబెట్టడం, మడవడం, దాచడం అన్నీ ఆమే చూసేది. మా ముందుగదిలోనే ఉంటుంది. అది చిరిగింది. అందుకని సభ వాయిదా వేయమన్నాను.

ఒక సందేహం. గుడ్డను మడిచి ఉంచితే ఎంతకాలం అలాగే ఉంటుంది? నాఫ్తలీన్ ఉండలు వేయవచ్చా? నువ్వూ సైన్యంలో ఆ పని చేసినదానివి గనక అడుగుతున్నాను.

ఆరోగ్యం జాగ్రత్త.

బావ


జూన్ 17

బావగారికి,

నమస్కారాలు తర్వాత. ముందు దెబ్బలాట.

"నువ్వు వచ్చినా చేసేదేమీ లేదు" అని రాశారు. ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. మా కోడలు చూసి, "అత్తయ్యా, పెదమావగారు మిమ్మల్ని ఓదార్చడానికి రాశారు" అంది. ఓదార్పే ఇలా ఉంటే ఇక తిడితే ఎలా ఉంటుందో! కాలేజీలో అన్నేళ్లు పాఠాలు చెప్పారు గదా, ఆ మాటలన్నీ అక్కడే ఖర్చయిపోయాయా? మీ ఉత్తరాలు పెళ్లినాటి నుంచీ టెలిగ్రాములే. అక్క మాత్రం వాటిని దిండు కింద పెట్టుకునేది. పారాచూట్ల ప్యాకింగ్ హాల్లో మేమందరం ఏడిపించేవాళ్లం: "ఏమిటే అంత ప్రేమగా రాశాడు?" అంటే "క్షేమం, నీవు క్షేమమని తలుస్తాను, అని రాశాడు" అనేది, అదేదో కావ్యమైనట్టు.

నాకు ఫోనులో వినపడదు. విమానాల మోతలో పోయిన చెవులు. అందుకే మీ టెలిగ్రాములే నాకు దిక్కు. కాస్త పొడుగ్గా రాయండి.

ఇక టెంటు. అక్క చేతిలో ఉన్న గుడ్డ చిరగడమా? నేను నమ్మను గాక నమ్మను. ఎక్కడ చిరిగింది? కుట్టు వెంబడా, గుడ్డ మధ్యనా? ఎంత మేర? సరిగ్గా చూసి రాయండి. అతుకు ఎలా వేయాలో బొమ్మ గీసి పంపుతాను, మీ వీధి టైలరు కుడతాడు. చిరిగిన గుడ్డకి కావలసింది దారం గానీ నాఫ్తలీన్ కాదు. ఆ ఉండలు ఎందుకో నాకు అర్థం కాలేదు.

సభ మాత్రం వాయిదా వేయకండి. సైన్యంలో ఇరవై ఏళ్లు దాటి చేసింది, మీ సంసారం ఈదింది, మందిరం ఊడ్చింది, వీధిలో ఏ ఇంట్లో కష్టమొచ్చినా ముందు నిలబడింది. అలాంటి మనిషిని తలుచుకోవడానికి జనం వస్తామంటుంటే వద్దంటారా?

మీ మరదలు


జూన్ 25

మరదలికి,

చూశాను. మధ్యలో, గుంజ తగిలే రింగు పక్కన చిరిగింది. కుట్టు వెంబడి. జానెడు ఉంటుంది.

బొమ్మ అక్కర్లేదు. కుట్టినా నిలవదు.

ఇల్లు మామూలుగానే ఉంది. పాలు పొంగిపోతున్నాయి. స్టవ్ దగ్గరే నిలబడి ఉంటాను, అయినా పొంగుతాయి. ఎదురింట్లో రిటైరైన పోస్టుమాస్టరు గారికి జబ్బు ముదిరింది. మీ అక్క సాయంత్రాలు ఆయనకు పేపరు చదివి వినిపించేది. ఇప్పుడు నేను వెళ్తున్నాను. నేను మరీ వేగంగా చదువుతున్నానట. "మడతక్క చదివితే వార్తలు కూడా మంచివే వచ్చేవి" అన్నాడు.

గుడ్డ ఎంతకాలం ఉంటుందో నువ్వు రాయలేదు.

బావ


జూలై 4

బావగారూ,

తాతకు దగ్గులు నేర్పుతున్నారా?

గుంజ రింగు చుట్టూ గుడ్డ రెండు పొరలు, దానిమీద పట్టీ, ఆ పట్టీ మీద నాలుగు వరసల కుట్టు. ఆ టెంటు కొన్న కొత్తలో అక్క కుట్టిందే అది. నేను పక్కనే కూర్చుని సూదులు అందించాను. టెంటు అంతా పీలికలైపోయినా అక్కడ చిరగదు. చిరిగినా జానెడు కుట్టు వెంబడి చిరగదు, అడ్డంగా పోతుంది. మీకు చిరుగు అల్లడం కూడా రాలేదు.

టెంటు చిరగలేదు. మీకు సభ పెట్టడం ఇష్టం లేదు. ఆ మాట మొహం మీద చెప్పలేక గుడ్డ మీదకి నెట్టారు.

ఎందుకో కూడా నాకు తెలుసు. మీకు దేవుడు లేడు. సరే, అది మీ ఇష్టం. అక్కకి ఉన్నాడు. పెళ్లయిన నాటినుంచి మందిరం గుమ్మం తొక్కని మనిషి మీరు. అక్క ఒక్కరోజైనా మిమ్మల్ని రమ్మని పోరిందా? పోరలేదు. "ఆయన లెక్క ఆయనది" అనేది. ఆ మర్యాద మీరు తిరిగి ఇవ్వలేరా? నలుగురు చేరి ఆవిడ పేరు మీద ఒక పాట పాడితే మీ సొమ్మేం పోయింది?

అక్క బతికి ఉండగా ఈ మాట అనలేదు. ఇప్పుడంటున్నాను. నేను రాలేదని మీకు కోపముంటే నన్ను తిట్టండి. దానికీ దీనికీ ముడి పెట్టకండి.

ఇంతకన్నా రాయలేను.

మరదలు


జూలై 13

మరదలికి,

నీ మీద నాకు కోపం లేదు. ఎప్పుడూ లేదు. నువ్వు వచ్చినా చేసేదేమీ లేదన్నది నిజంగానే అన్నాను. నేను ఇక్కడే ఉండి ఏమీ చేయలేకపోయాను.

మందిరం లోపలికి నేను వెళ్లనన్నది నిజం. ప్రతి వారం ఆమెను తీసుకువెళ్లి బయట గోడ పక్కన కూర్చునేవాణ్ణి. పాటలు వినపడేవి. అంతమందిలో ఆమె గొంతు గుర్తుపట్టేవాణ్ణి. ఇప్పుడూ వెళ్తున్నాను. అక్కడే కూర్చుంటున్నాను. పెద్దాయన లోపలికి రమ్మనడు. కుర్చీ మాత్రం పంపుతాడు.

టెంటు చిరగలేదు.

ఆస్పత్రికి వెళ్లడానికి ముందు ఆమె ఇంట్లో గుడ్డలన్నీ మడిచిపెట్టింది. చొక్కాలు, దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులు. ఆమె మడత నీకు తెలుసు. నాలుగు అంచులూ కలిసి ఒక్క గీతలా ఉంటాయి. ఆమె పోయాక మొదట్లో నేను ఏమీ ఆలోచించలేదు. స్నానం చేసి తువ్వాలు తీసుకున్నాను. చొక్కా తీసుకుని వేసుకున్నాను. వచ్చిన బంధువులకు దుప్పట్లు తీసి ఇచ్చాను. ఉతికినవి నేనే మడిచి లోపల పెట్టాను.

ఒకరోజు బీరువా తెరిస్తే అన్నీ నా మడతలే ఉన్నాయి.

ఇల్లంతా వెతికాను. ఆమె మడిచినది ఒక్కటి కూడా మిగల్లేదు. వంటింట్లో మసిగుడ్డలు కూడా చూశాను. టెంటు ఒక్కటే మిగిలింది. ఆస్పత్రికి వెళ్లేముందు చివరగా మడిచింది దాన్నే. ఓపిక లేదు, వద్దన్నాను. "వీధికి ఎప్పుడు అవసరమొస్తుందో మనకేం తెలుసు" అంది. మధ్య మధ్యలో ఆగి గోడకు ఆనుకుంది. మడత మాత్రం ఎక్కడా వంకర పోలేదు.

విప్పితే పోతుంది. అందుకని టైలరుకు చిరిగిందని చెప్పాను. వీధి సామానంతా అతని బాధ్యత. పెద్దాయనకు అదే చెప్పాను. తర్వాత నీకూ చెప్పాను. నీకు చెప్పి ఉండాల్సింది కాదు.

నాఫ్తలీన్ అడిగింది అందుకు.

బావ


జూలై 22

బావగారికి,

మీ ఉత్తరం చదివి బీరువా తెరిచాను. అక్క మడిచినది ఏదైనా నా దగ్గర ఉందేమోనని. పోయినసారి వచ్చినప్పుడు నా చీరలన్నీ తీసి మళ్లీ మడిచింది, "ఏమిటే ఈ మూటలు" అని తిట్టుకుంటూ. అన్నీ కట్టేసుకున్నాను. ఒక్కటీ లేదు. మంచం మీద కూర్చుని ఏడ్చాను. మా కోడలు కాలు నొప్పి అనుకుని మాత్ర ఇచ్చింది. వేసుకున్నాను.

నేనన్న మాటలు వెనక్కి తీసుకోను. తీసుకుంటే మాత్రం పోతాయా? మీరు ఈ మాట మొదటే రాసి ఉంటే అనేదాన్ని కాదు. నోరు విప్పని మీకూ, నోరు మూయని నాకూ మధ్య ఇన్నేళ్లూ అక్క ఎలా నెగ్గుకొచ్చిందో!

మీకు ఒక సంగతి చెప్పాలి. అక్క చెప్పి ఉండదు.

మా హాల్లో ఒక నియమం ఉండేది. పారాచూట్ మడిచిన ప్రతి మనిషీ దూకడం నేర్చుకునే తీరాలి. ఎప్పుడైనా సరే, అధికారి వచ్చి వరసలో ఒక సంచి వైపు వేలు చూపిస్తే, అది మడిచినవాళ్లే దాన్ని తగిలించుకుని విమానమెక్కి దూకాలి. ఆ భయం ఉంటే మడత ఒళ్లు దగ్గర పెట్టుకుని వేస్తారని. ఒకరోజు నా సంచి మీద వేలు పడింది. అప్పుడు నా కడుపులో పెద్దవాడు. అక్కకి తప్ప ఎవరికీ తెలియదు. చెబితే హాలు నుంచి తీసేస్తారు, చెప్పకపోతే దూకాలి. అక్క ముందుకొచ్చి, "ఆ సంచిని చివరిగా సరిచూసి సీలు వేసింది నేను సార్. నా మీదే లెక్క. నేను దూకుతాను" అంది. ఆయన ఇద్దరి మొహాలూ చూసి సరేనన్నాడు.

అది పూర్తిగా నా మడత, బావగారూ. అక్క వేలు కూడా పెట్టలేదు. నేను కింద మైదానంలో నిలబడి మెడ నొప్పెట్టేలా చూశాను. చుక్కలా రాలింది. తర్వాత తెల్లగా విచ్చుకుంది. దిగి, దుమ్ము దులుపుకుని వచ్చి ఏమందో తెలుసా? "ఎడమ పక్క కాస్త బిగించావే. రేపటి నుంచి సరిచేసుకో." నేను ఏడుస్తుంటే, "పిచ్చిమొహమా, దూకింది నేనయితే నీకెందుకు ఏడుపు?" అంది.

ప్రతి మడతకు ముందు కళ్లు మూసుకుని పెదాలు కదిపేది. ఏం ప్రార్థిస్తావే అని అడిగాను ఒకసారి. "ఇది ఎవడు వేసుకుంటాడో నాకు తెలియదు గదా. వాడికి నా మనసులో ఒక ముఖం ఇమ్మని అడుగుతా" అంది.

టెంటు ఉంచుకోండి. ఎవరికీ ఇవ్వకండి. చిరిగిందనే చెప్పండి, ఈ అబద్ధంలో నాకూ వాటా వేయండి. పెద్దాయనకి నేను కూడా రాస్తాను, చిరుగు సరైన చోట పెట్టి రాస్తాను. అడిగారు గనక ఒక్క మాట: మేము ఏ గుడ్డనీ ఒక కాలం దాటి మడిచి ఉంచేవాళ్లం కాదు. మడత పడ్డచోటే గుడ్డ చచ్చుబడుతుంది. నాఫ్తలీన్ దానికి పనిచేయదు. అడిగారని చెప్పాను, అంతే. విప్పమని అనడం లేదు.

మీ మరదలు


ఆగస్టు 3

మరదలికి,

నువ్వు చెప్పిన సంగతి ఆమె నాకు చెప్పలేదు. ఇన్నేళ్లు పక్కనే ఉన్నాను. నాకు కోపం రాలేదు. కొంచెం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

పోస్టుమాస్టరు గారు పోయారు. తెల్లారేసరికి వాన. వాళ్లది చిన్న ఇల్లు, జనం పట్టరు. ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. టైలరు, ఇంకో ఇద్దరు కలిసి ప్లాస్టిక్ పట్టా ఒకటి తెచ్చి పైన పట్టుకున్నారు. గాలికి అది ఎగిరిపోతూనే ఉంది. ఆయన భార్య పక్కన కూర్చుని కొంగుతో ఆయన ముఖం తుడుస్తోంది. తుడిచినకొద్దీ తడుస్తోంది. ఎవరో "మడతక్క ఉంటేనా" అన్నారు. ఇంకెవరో నన్ను చూసి ఆ మనిషిని మోచేత్తో పొడిచారు.

నేను గొడుగు తెచ్చి ఆమె తల మీద పట్టుకున్నాను. ఆమె నా చేయి పట్టుకుంది. "టెంటు చిరిగిపోయిందటగా బాబూ. పాపం, ఆవిడ వెనకే అదీ పోయింది" అంది.

టైలరు తర్వాత ఇంటికి వచ్చాడు. ఒళ్లంతా తడిసి గుమ్మంలోనే నిలబడ్డాడు. "సార్, ఆ చిరుగేదో చూపించండి, కుడతాను. కూలి వద్దు. మడతక్క టెంటుకి కూలి తీసుకుంటే నా చేతులు పడిపోతాయి" అన్నాడు. తర్వాత చూద్దామని తలుపు వేశాను. ముందుగదిలో టెంటుకెదురుగా కూర్చున్నాను. వీధిలో ఆ రోజు తడవనిది అదొక్కటే.

మర్నాడు వెళ్లి టెంటు చిరగలేదని టైలరుకు చెప్పాను. మిషన్ ఆపి నన్ను చూశాడు. "తెలుసు సార్" అన్నాడు. ఎలా తెలుసని అడగలేదు.

పద్నాలుగో తేదీ, ఆదివారం, సభ. పెద్దాయనకు చెప్పాను. నువ్వు ఆయనకు ఏమీ రాయవద్దు.

ఆమె దాన్ని ఒక్క లాగుడుకు తెరుచుకునేలా కట్టేది. ఎప్పుడూ ఆమే లాగేది. ఏ తాడు లాగాలో రాయి.

బావ


ఆగస్టు 9

బావగారికి,

తాళ్లు రెండు ఉంటాయి. నల్లది ముట్టుకోకండి, అది సంచి మూతిది. తెల్ల తాడు కొస మడత కిందికి దోపి ఉంటుంది. ముందు నాలుగు మూలలూ నలుగురికి ఇచ్చి, ఎటువాళ్లను అటు నిలబెట్టండి. తెల్ల తాడు మీ వైపుకి లాగండి. గట్టిగా వద్దు. పిల్లాడి చేతిలోంచి బొమ్మ తీసుకున్నట్టు లాగండి. అక్క నాకు అలాగే నేర్పింది.

వస్తానని అడిగాను. డాక్టరు ఒప్పుకోలేదు. మా అబ్బాయి ఒప్పుకోలేదు. కోడలు నా చెప్పులు దాచేసింది.

ఎలా తెరుచుకుందో రాయండి. టెలిగ్రాములా కాదు. అక్క మడత తెరుచుకోవడం గురించి ఇక ముందు ఎవరూ నాకు రాయరు.

మరదలు


ఆగస్టు 18

మరదలికి,

పొడుగ్గా రాయమన్నావు. ప్రయత్నిస్తాను.

పొద్దున్నే టెంటును వీధి చివరి మైదానానికి మోసుకెళ్లారు. నేను వెనక నడిచాను. నాలుగు మూలలకు నలుగురు నిలబడ్డారు. టైలరు, కాఫీ హోటలు ఆయన, బడి ప్యూను, సైన్యం నుంచి వచ్చిన ఆ నెరిసిన జుట్టు ఆయన. పోస్టుమాస్టరు గారి భార్య కుర్చీ తెప్పించుకుని ముందే కూర్చుంది. తెల్ల తాడు వెతికి పట్టుకున్నాను. కొసన ఆమె వేసిన చిన్న ముడి ఉంది. దాన్ని కాసేపు వేళ్ల మధ్య పట్టుకున్నాను. ఎవరూ తొందరపెట్టలేదు.

లాగాను. నువ్వు చెప్పినట్టే, మెల్లగా.

మొదట ఏమీ కాలేదు. తర్వాత లోపల ఎక్కడో ఒక మడత కదిలింది. దాని వెనక ఇంకొకటి. చప్పుడు పెద్దగా లేదు, పుస్తకం పేజీలు గాలికి తిరిగినట్టు ఉంది. గుడ్డ నాలుగు వైపులకూ తనంతట తానే వెళ్లింది. ఎక్కడా చిక్కుపడలేదు. మూలల దగ్గర ఉన్నవాళ్లు వెనక్కి నడిచారంతే. గుంజలు ఎత్తేసరికి పైకి లేచి నిలబడింది. నెరిసిన జుట్టు ఆయన సెల్యూట్ చేశాడు. అందరూ తలెత్తి చూశారు. నేను తాడు చూశాను. లాగిన లాగుడుకు ముడి విడిపోయింది. మామూలు తాడు.

ఎడమ పక్క బిగువేమీ లేదు. నీకు తెలియాలని రాస్తున్నాను.

సభలో చాలామంది మాట్లాడారు. ఆమె ఎవరెవరికి ఏమేం చేసిందో నాకు సగం తెలియదు. నన్ను మాట్లాడమన్నారు. లేచాను. మళ్లీ కూర్చున్నాను. పాటలు పాడారు. అలవాటుకొద్దీ ఒక గొంతు కోసం విన్నాను. మధ్యలో వాన మొదలైంది. ఎవరూ తడవలేదు.

అందరూ వెళ్లాక టెంటు దించి గడ్డి మీద పరిచారు. తడి ఆరాక టైలరు అడిగాడు: "సార్, ఇప్పుడెలా మడవాలి? మీరు పక్కనుండి చూశారుగా."

చూశాను. ప్రతిసారీ అవతలి కొస పట్టుకున్నది నేనే. ఆమె "ఎత్తండి" అంటే ఎత్తాను. "దగ్గరికి రండి" అంటే వెళ్లాను. నా చేతిలో కొస తీసుకుని ఆమె మిగిలిన పని చేసేది. ఆ తర్వాత ఆమె చేతులు ఏం చేసేవో నేనెప్పుడూ చూడలేదు. ఆమె ముఖం చూసేవాణ్ణి.

వెళ్లి నా కొస పట్టుకుని నిలబడ్డాను. ఇంకెక్కడ నిలబడాలో నాకు తెలియదు. కాసేపటికి టైలరు ఆమె వైపు వెళ్లి ఆ కొస ఎత్తాడు. నన్ను చూసి, "ఎత్తమంటారా, దగ్గరికి రమ్మంటారా సార్?" అన్నాడు.

నేను దగ్గరికి వెళ్లాను.

బావ